వెనిస్‌లో చిన్న హోటల్ తీసుకునే ముందు వంతెనలు లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరు చివర్లో మీ దంపతులు, మీ అమ్మగారు మిలాన్‌లో దిగి, రైల్లో వెనిస్ వస్తారు. మూడు రాత్రులు ఉండి ఫ్లోరెన్స్, రోమ్ వెళ్తారు. అమ్మగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. సాన్ మార్కో స్క్వేర్ దగ్గర పాత భవనంలో ఉన్న పన్నెండు గదుల హోటల్ ఒకటి మీకు నచ్చింది. ఫొటోలు బాగున్నాయి, రేటింగ్ బాగుంది, ‘కెనాల్ వ్యూ’ కూడా ఉందట. కానీ వెనిస్ దీవులకి ఇవతల, నేల మీద ఉన్న మెస్త్రేలో అందులో సగం ధరకే పెద్ద హోటల్ దొరుకుతోంది. ఏది తీసుకోవాలి, వీసా రాకముందే డబ్బు కట్టేయాలా అన్నది మీ సందేహం.

నేను ఉత్తర ఇటలీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మన వైపు నుంచి వచ్చే చుట్టాలకి, వాళ్ళ వియ్యాలవారికి, ఆ వియ్యాలవారి స్నేహితులకి వెనిస్‌లో బస చూసిపెట్టే పని ఎలాగో నా నెత్తిన పడింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. వెనిస్ లోపలే ఉండండి, చిన్న హోటలే తీసుకోండి. మీరు చూసిన హోటల్ని మాత్రం కింద రాసిన ప్రశ్నలు అడిగాకే ఖాయం చేసుకోండి.

మెస్త్రే వద్దనడానికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. పగలు వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు, ఆ తర్వాతే ఊరు అందంగా ఉంటుంది అంటారు. అది నిజమే. కానీ మీ విషయంలో అసలు కారణం అమ్మగారి మోకాళ్ళు. మెస్త్రే నుంచి వెనిస్‌కి రైల్లో పది, పన్నెండు నిమిషాలే, రైళ్ళు కూడా బోలెడు. అయినా పొద్దున్న బయల్దేరితే మళ్ళీ రాత్రికే గది. మధ్యాహ్నం రెండింటికి ఆవిడకి కాళ్ళు లాగితే ఎక్కడ కూర్చోబెడతారు? ఈ ఊళ్ళో ఊరికే కూర్చోవడానికి బెంచీలు తక్కువ. కేఫ్‌లో కూర్చుంటే నిలబడి తాగే కాఫీకన్నా ఎక్కువ బిల్లు వేస్తారు. గది దగ్గర్లో ఉంటే ఆవిడ రెండు గంటలు నడుం వాల్చి, ఆరింటికి మళ్ళీ హుషారుగా బయల్దేరగలరు. మెస్త్రేకి, వెనిస్‌కి మధ్య ధర తేడా అంతా ఆ రెండు గంటలకే కట్టాననుకోండి. దానికి తగ్గ విలువ ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. వెనిస్‌లో కార్లు లేవు, ఆటోలు లేవు, సైకిల్ తొక్కనివ్వరు. బస్సులు, కార్లు పియాజ్జాలే రోమా దగ్గర ఆగిపోతాయి, రైలు సాంతా లూచియా స్టేషన్లో ఆగిపోతుంది. అక్కడి నుంచి పడవ ఎక్కాలి, లేదంటే నడవాలి. ఊళ్ళో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. కింద నుంచి పడవలు పోవాలి కాబట్టి దాదాపు ప్రతి వంతెనా మధ్యలో ఎత్తుగా ఉంటుంది. అంటే పది, పదిహేను మెట్లు ఎక్కి అవతల అన్నీ దిగాలి. ఫోన్లో మ్యాప్ ‘ఐదు నిమిషాల నడక’ అని చూపిస్తుంది తప్ప, ఆ ఐదు నిమిషాల్లో మూడు వంతెనలున్నాయని చెప్పదు. రెండు చేతుల్లో పెట్టెలు, పక్కన మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడ. అప్పుడు ఆ ఐదు నిమిషాలు పాతిక నిమిషాలవుతాయి.

కాబట్టి హోటల్ వాళ్ళని మొదట అడగాల్సింది సాన్ మార్కో ఎంత దూరం అని కాదు. ‘మీకు దగ్గర్లో ఉన్న వాపొరెట్టో స్టాప్ ఏది? అక్కడి నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు దాటాలి?’ అని అడగండి. వాపొరెట్టో అంటే ఇక్కడి నీటి బస్సు. సున్నా అని జవాబొస్తే సగం పని అయిపోయినట్టే. ఒకటి అన్నా పర్వాలేదు. రెండు దాటితే ఎంత అందమైన గదైనా అమ్మగారి కోసం వదిలేయండి. వంతెన ఎక్కకుండా పడవ స్టాపుల నుంచి చేరుకోగల ప్రాంతాలను చూపించే మ్యాపు నగరపాలక సంస్థే తయారుచేసింది. ‘ఆక్సెసిబుల్ వెనిస్’ అని వెతికితే దొరుకుతుంది. చక్రాల కుర్చీల వాళ్ళ కోసం చేసింది గానీ, పెద్ద పెట్టెలతో వచ్చేవాళ్ళకీ అంతే ఉపయోగం.

అడ్రసు గురించి కూడా చెప్పాలి. ఇక్కడి ఇంటి నంబర్లు వీధి వారీగా ఉండవు, పేట వారీగా ఉంటాయి. ఊరు మొత్తం ఆరు పేటలు: కన్నారెజో, కాస్తెల్లో, దోర్సొదూరో, సాన్ మార్కో, సాన్ పోలో, సాంతా క్రోచే. కన్నారెజోలో, కాస్తెల్లోలో నంబర్లు ఆరు వేలు దాటుతాయి. ‘కాస్తెల్లో 4,500’ అని రాసి ఉంటే అది ఏ సందులో ఉందో ఆ అడ్రసు చూసి మీరు కనుక్కోలేరు. పైగా ఒకే పేరున్న సందులు వేర్వేరు పేటల్లో ఉంటాయి. అందుకని హోటల్ నుంచి సందు పేరు, దగ్గరి చిన్న మైదానం పేరు, స్టాప్ నుంచి దారి చూపించే ఫొటోలు తెప్పించుకోండి. చాలా చిన్న హోటళ్ళు అడగ్గానే పంపుతాయి. సందులు మరీ ఇరుకు కాబట్టి ఫోన్లో నీలం చుక్క ఒక్కోసారి పక్క సందులోకి దూకుతుంది. దాన్ని నమ్ముకుని పెట్టెలు లాక్కుంటూ పోవద్దు.

ఇప్పుడు ఎక్కడ తీసుకోవాలో చూద్దాం. రైలు స్టేషన్ నుంచి ఎడమవైపు లిస్తా ది స్పాన్యా అనే రోడ్డు ఉంది. స్టేషన్ ముందున్న మెట్లు దిగాక ఆ రోడ్డు మీద ఉన్న హోటళ్ళకి ఒక్క వంతెన కూడా దాటక్కర్లేదు. చూడటానికి మాత్రం ఏమంత బాగోదు, అన్నీ మాస్కులు, మ్యాగ్నెట్లు అమ్మే కొట్లు. ఒక్క రాత్రికైతే అదే చెప్పేవాణ్ణి. జాగ్రత్త, ‘స్టేషన్ ఎదురుగా’ అని రాసుకునే హోటళ్ళు కొన్ని గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువకి అవతలి ఒడ్డున ఉంటాయి. వాటికి వెళ్ళాలంటే స్కాల్జి వంతెన ఎక్కి దిగాలి, అది పెద్ద వంతెన.

మూడు రాత్రులకి నా ఓటు కన్నారెజోలో కా దోరో స్టాప్ చుట్టుపక్కలకే. స్టేషన్ నుంచి ఒకటో నంబరు పడవలో పావుగంట. దిగి చిన్న సందు దాటితే స్త్రాదా నోవా అనే వెడల్పాటి వీధిలో పడతారు. సూపర్‌మార్కెట్టు, మందుల షాపు, బేకరీ అన్నీ అక్కడే. ఊరివాళ్ళు కూడా సాయంత్రం అక్కడే తిరుగుతుంటారు. ఆ వీధికి ఇరుపక్కలా చిన్న హోటళ్ళు ఉన్నాయి, వాటిల్లో స్టాప్ నుంచి వంతెన లేకుండా వెళ్ళగలిగేవి ఎంచుకోవచ్చు. అదే పడవ రియాల్తో మీదుగా నేరుగా సాన్ మార్కోకి పోతుంది. గ్రాండ్ కెనాల్ పొడుగునా రెండు ఒడ్డుల భవనాలూ చూస్తూ కూర్చోవచ్చు. అమ్మగారికి ఆ ప్రయాణమే సగం వెనిస్.

దోర్సొదూరో నాకు చాలా ఇష్టమైన పేట. జత్తెరె అనే ఒడ్డు విశాలంగా ఉంటుంది, ఎండ బాగా వస్తుంది. కానీ కాంపో సాంతా మర్గరీతా అనే మైదానం మీదకి కిటికీ ఉన్న గది తీసుకోకండి. యూనివర్సిటీ పిల్లలు అర్ధరాత్రి దాటేదాకా అక్కడే ఉంటారు. సాన్ మార్కో పేట ఖరీదెక్కువ, రద్దీ ఎక్కువ. గంటస్తంభం పక్కనే ఉండి నిద్ర పట్టలేదన్నవాళ్ళని చూశాను. అమ్మగారు అసలు మెట్లే ఎక్కలేని స్థితిలో ఉంటే అప్పుడు లీదో ద్వీపం గురించి ఆలోచించండి. అక్కడ చదునైన రోడ్లున్నాయి, బస్సులున్నాయి. సాన్ మార్కో దగ్గరి సాన్ జక్కారియా స్టాప్ నుంచి పడవలో పావుగంట. అక్కడ జరిగే ఫిల్మ్ ఫెస్టివల్ ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు మొదట్లో అయిపోతుంది కాబట్టి మీరు వచ్చేసరికి అక్కడ గదుల టెన్షన్ కూడా తగ్గుతుంది.

బయట వంతెనలు సరే, లోపల మెట్ల సంగతి. పాత భవనాల్లో కప్పులు ఎత్తు, అంటే ఒక్కో అంతస్తుకి మెట్లు ఎక్కువ. మధ్యలో సగం ఎత్తు అంతస్తులు కూడా ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోరు. ‘సెకండ్ ఫ్లోర్’ అని చెప్పింది ఎక్కేసరికి మూడో అంతస్తు ఎక్కినట్టుంటుంది. వారసత్వ భవనాలు కాబట్టి లిఫ్ట్ పెట్టుకోవడానికి అనుమతి దొరకడం కష్టం. లిఫ్ట్ ఉందా అంటే ఉందనే చెప్తారు, అబద్ధం కాదు. కానీ లిఫ్ట్ దగ్గరికి వెళ్ళడానికే ఎనిమిది మెట్లుండొచ్చు. ఇంకో సంగతి, చాలా చిన్న హోటళ్ళకి రెండు సందుల అవతల ఒక అనెక్స్ ఉంటుంది. తక్కువ ధర గదులు అందులో ఇస్తారు, లిఫ్ట్ మాత్రం మెయిన్ బిల్డింగ్‌లోనే ఉంటుంది. అందుకని ఇలా అడగండి: ‘మాకిచ్చే గది మెయిన్ బిల్డింగ్‌లోనేనా? వీధి గుమ్మం నుంచి మా గది మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లెక్కాలి?’ జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. అక్కడికి వెళ్ళాక మాట మారితే చూపించడానికి ఉంటుంది.

మంచాల గురించి ఒక్క ముక్క. ఇటలీలో ‘మాత్రిమొనియాలే’ అంటే పెద్ద మంచం, ‘దోప్పియా’ అంటే రెండు విడి మంచాలు. ముగ్గురికి ‘త్రిప్లా’ అంటారు, అందులో మూడో మంచం మడత మంచమో, సోఫానో కావచ్చు. అది మీకు సరే, అమ్మగారికి వద్దు. చిన్న హోటల్లో త్రిప్లా గదిలో పెట్టె తెరిచి నేల మీద పెట్టే జాగా కూడా ఉండకపోవచ్చు. డబ్బు సరిపోతే పక్కపక్కనే రెండు గదులు అడగండి.

‘కెనాల్ వ్యూ’ దగ్గర మనవాళ్ళు బాగా మోజు పడతారు. గ్రాండ్ కెనాల్ మీదకి కిటికీ ఉన్న గది వేరు, సందులాంటి పిల్లకాలువ మీదకి ఉన్న గది వేరు, ధరలో మాత్రం రెండూ కెనాల్ వ్యూనే. ఈ ఊళ్ళో సరుకులు, సిమెంటు, హోటళ్ళ దుప్పట్లు, చెత్త అన్నీ పడవల్లోనే వస్తాయి, పోతాయి. మన ఊళ్ళలో పాల వ్యాను వచ్చినట్టు తెల్లారకముందే మోటారు పడవలు మొదలవుతాయి. గోడకీ గోడకీ మధ్య ఆ చప్పుడు పైకి లేస్తుంది. సెప్టెంబరులో ఇంకా దోమలు కూడా ఉంటాయి, కిటికీ తీసి పడుకోవడం కుదరదు. నన్నడిగితే కాలువను పడవలోంచి చూడండి, గదికి మాత్రం లోపలి పెరటివైపు తీసుకోండి. వెలుతురు తక్కువగా ఉంటుంది, నిద్ర బాగుంటుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు అడిగితే వేరే సలహా ఇస్తాను.

నీళ్ళు ఊళ్ళోకి వస్తాయేమో అని మీ మెసేజ్‌లో ఒక లైను ఉంది. ‘ఆక్వా ఆల్తా’ అనే ఆ పోటు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా వస్తుంది. 1966 నవంబరులో 194 సెంటీమీటర్లు, 2019 నవంబరులో 187 సెంటీమీటర్లు వచ్చింది (ఇది పోటు కొలబద్ద మీద ఎత్తు, వీధిలో నీళ్ళ లోతు కాదు). 2020 అక్టోబరు నుంచి సముద్రం నీళ్ళు లోపలికి రాకుండా మోసె అనే గేట్లను లేపుతున్నారు. 110 సెంటీమీటర్లు దాటుతుందనుకున్నప్పుడు వాటిని లేపుతారు. అంతకన్నా తక్కువ పోటుకి కూడా సాన్ మార్కో స్క్వేర్ తడుస్తుంది, ఊళ్ళో అదే బాగా పల్లపు చోటు. మీ తేదీలకి పెద్దగా భయపడక్కర్లేదు. గ్రౌండ్ ఫ్లోర్ గది మాత్రం తీసుకోకండి. అమ్మగారికి మెట్లు తప్పుతాయని ఆశ పుడుతుంది గానీ, ఆ గదుల్లో తేమ వాసన వస్తుంది. లిఫ్ట్ ఉన్న మొదటి అంతస్తు వెతుక్కోండి.

ఇక వీసా, డబ్బు. షెంజెన్ వీసాకి (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానికే ఇవ్వాలి, మీది మొత్తం ఇటలీయే కాబట్టి చిక్కు లేదు. బుకింగ్ మీద ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ‘మిస్టర్ ఫలానా, ముగ్గురు అతిథులు’ అని ఉంటే అమ్మగారి ఫైలుకి ఇబ్బంది. వీసా చేతికి వచ్చేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న రేటే తీసుకోండి. నాన్-రిఫండబుల్ పది, పదిహేను శాతం చవకగా కనిపిస్తుంది, ఆశపడొద్దు. క్యాన్సిల్ చేసుకునే గడువు ఇటలీ టైము ప్రకారం ఉంటుందని గుర్తుంచుకోండి. మీ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉంచండి. చిన్న హోటల్ వాళ్ళు కార్డు పనిచేస్తుందో లేదో ముందే ఒకసారి చూస్తారు, ఫెయిలైతే బుకింగ్ తీసేస్తారు.

బుకింగ్ సైట్లో హోటల్ దొరికాక, వాళ్ళ సొంత వెబ్‌సైటు కూడా చూడండి. సైట్లలో పెట్టిన ధరకన్నా తక్కువకి అమ్మకూడదని హోటల్ని కట్టిపడేసే షరతులు ఇటలీలో 2017 చట్టంతో చెల్లకుండా పోయాయి. నేరుగా అడిగితే అదే ధరకి మంచి గదో, ఉచిత బ్రేక్‌ఫాస్టో ఇచ్చే అవకాశం ఉంది. అసలు నేరుగా రాయడం వల్ల పెద్ద లాభం వేరే ఉంది. మీ మెట్ల ప్రశ్నలకి వాళ్ళు ఎంత ఓపిగ్గా జవాబిస్తారో చూస్తే అక్కడికి వెళ్ళాక ఎలా చూసుకుంటారో తెలిసిపోతుంది. ప్రకటనలో ‘సి.ఐ.ఎన్.’ అనే కోడ్, అంటే బస ఇచ్చే చోటికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు, ఉందో లేదో చూడండి. 2025 జనవరి నుంచి బస ఇచ్చే ప్రతివాళ్ళూ దాన్ని ప్రకటనలో, గుమ్మం దగ్గర పెట్టాలి. అది లేని చోటికి నేను ఎవర్నీ పంపను.

హోటల్ బిల్లు కాక, తలకి రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ విడిగా కట్టాలి. హోటల్ స్థాయిని బట్టి మారుతుంది, మొదటి ఐదు రాత్రులకే వేస్తారు, పదేళ్ళలోపు పిల్లలకి లేదు. చాలా చోట్ల క్యాష్ అడుగుతారు, కొంచెం చిల్లర ఉంచుకోండి. పాస్‌పోర్టులు తీసుకుని వివరాలు రాసుకుంటే కంగారుపడకండి. అతిథుల వివరాలు పోలీసులకి ఆన్‌లైన్లో పంపడం వాళ్ళకి చట్టం పెట్టిన పని. మీరు విన్న ‘వెనిస్ ఎంట్రీ ఫీజు’ వేరు. అది 2024 ఏప్రిల్ 25న మొదలైంది, పగటిపూట వచ్చిపోయేవాళ్ళకి. ఇప్పటిదాకా పెట్టిన రోజులన్నీ ఏప్రిల్, జూలై మధ్యవే, కాబట్టి సెప్టెంబరులో మీకు తగలదు. ఎవరైనా ఆ రోజుల్లో వస్తుంటే, ఊళ్ళో హోటల్లో ఉన్నా సరే, ఫీజు లేదని ఆన్‌లైన్లో నమోదు చేసుకుని కోడ్ దగ్గర ఉంచుకోవాలి.

వచ్చే రోజు రైలు టికెట్టు ‘వెనెజియా సాంతా లూచియా’ దాకా ఉందో లేదో చూసుకోండి. కొన్ని రైళ్ళు మెస్త్రేలోనే ఆగి వేరే దారిన పోతాయి. స్టేషన్లో లగేజీ పెట్టుకునే చోటుంది. పెద్ద పెట్టె ఒకటి అక్కడ వదిలేసి మూడు రోజుల బట్టలతో వెళ్ళడం మంచి పద్ధతే, రోజుల లెక్కన ఖర్చు మాత్రం చూసుకోండి. పడవ టికెట్టు 75 నిమిషాలకి 9.50 యూరోలు, 72 గంటల పాస్ 45 యూరోలు. ఐదుసార్లు ఎక్కితే పాస్ డబ్బు వచ్చేసినట్టే. అమ్మగారితో రోజుకి రెండు మూడుసార్లు ఎక్కక తప్పదు, పాసే తీసుకోండి. మొదటిసారి ఎక్కినప్పటి నుంచే 72 గంటలు లెక్క, ఎక్కే ప్రతిసారీ మెషీన్ మీద తాకించాలి.

చిన్న హోటళ్ళలో రాత్రంతా రిసెప్షన్ ఉండకపోవచ్చు. మీ రైలు రాత్రి ఎనిమిది తర్వాత చేరేదైతే ముందే చెప్పి, తలుపు కోడ్ ఎలా ఇస్తారో కనుక్కోండి. గదిలో కెటిల్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. వేణ్ణీళ్ళు కావాలంటే అడిగితే ఇస్తారు. రైస్ కుక్కర్ మాత్రం పెట్టెలోంచి బయటకి తీయకండి. వంట నిషిద్ధం, వైరింగ్ పాతది, ఫ్యూజు పోతే అంతస్తు మొత్తం చీకటి.

తిరుగు ప్రయాణానికి ఫ్లోరెన్స్ రైలు పదిన్నర తర్వాతది తీసుకోండి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య స్టేషన్ వైపు పోయే పడవలు పెట్టెలతో కిక్కిరిసి ఉంటాయి, అమ్మగారికి సీటు దొరకదు. బ్రేక్‌ఫాస్ట్ తాపీగా తిని, తొమ్మిదిన్నరకి కా దోరోలో ఎక్కితే పావుతక్కువ పదికల్లా స్టేషన్లో ఉంటారు. మీరు చూసిన హోటల్ పేరు, వాళ్ళు ఇచ్చిన జవాబులు పంపితే మ్యాప్‌లో పెట్టి వంతెనలు లెక్కపెట్టి చెప్తాను.